కువైట్ చెయ్యి

కువైట్‌లో నాలుగేళ్లు ఒక షేకు ఇంట్లో వంట చేశాను. మొదటి రోజు మా ఉదయగిరి లెక్కన కారం వేసి మాంసం కూర వండితే, ఆ ఇంటి మేడం నోరు మండి చెంచా విసిరికొట్టింది. ఆ రోజు నుంచి చెయ్యి అదుపులో పెట్టుకున్నాను. గుప్పెడు కారం చిటికెడైంది. చింతపండు పోయి ఎండు నిమ్మకాయ వచ్చింది. చివరికి చుట్టాలు ఎవరొచ్చినా మేడం నా కూరే చేయించేది. అదేదో పెద్ద ఘనకార్యమనుకుని మురిసిపోయాను, తెలివితక్కువదాన్ని!

ఎనభై మూడు ఎండాకాలంలో రెండు నెలల సెలవు మీద ఇంటికొచ్చాను. మా ఆయన లారీ ప్రమాదంలో పోయాక, వేరే దారి లేక, రెండేళ్ల నా కూతురు మునీరాను మా వదిన జైతూన్‌బీ దగ్గర వదిలి వెళ్లాను. ఇప్పుడు దానికి ఆరేళ్లు. నేను తెచ్చిన గౌను వేసుకుంది, బిస్కెట్లు తిన్నది. నా పక్కన మాత్రం కూర్చోదు. నన్ను ఏమని పిలవాలో తెలియక అసలు పిలవడమే లేదు. వంటమనిషిని కదా, నా చేతి కూర తింటే దగ్గరికొస్తుందనుకున్నాను. ఆ రెండు నెలలకీ నాకున్న ఆశ అదొక్కటే.

మర్నాడే మాంసం వండి పెట్టాను. మునీరా ఒక ముద్ద తిని కంచం పక్కకు నెట్టింది.

"ఏందిది, జరమొచ్చినోళ్లకి చేసినట్టుండాది?"

నేనూ రుచి చూశాను. నాకు బాగానే ఉంది. అప్పుడు భయమేసింది. చెయ్యే కాదు, నా నాలుక కూడా ఆ ఇంటిదైపోయింది.

"నా నోటిని నమ్మలేను వదినా. నువ్వే దగ్గరుండి చెప్పు," అన్నాను.

"ఇంకా ఎయ్యి మే కారం. భయపడబాక," అంటూ వదిన పక్కనే కూర్చుంది. చింతచిగురు ఎంత నలపాలో, ధనియాలు ఎంత వేగాలో చూపించింది. కువైట్‌లో మేడం దగ్గర నేర్చుకున్నట్టే మా ఇంటి వంట మా ఇంట్లో నేర్చుకున్నాను. కొన్నిసార్లు ఏడుపొచ్చేది, పొగ మీద తోసేసేదాన్ని.

మూడు వారాలు పట్టింది. ఒక మధ్యాహ్నం చింతచిగురు మాంసం వడ్డిస్తే, మునీరా ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు పెద్దవి చేసింది.

"అమ్మా!" అంది.

పలకబోయి చూస్తే, పిల్ల వదిన వైపు తిరిగి ఉంది.

"అమ్మా, ఈమె అచ్చం నువ్వు చేసినట్టే చేసింది!"

వదిన తల దించుకుంది. మునీరా కంచం నా ముందుకు జరిపి ఇంకొంచెం అడిగింది.

నేను కోరుకున్నది అదే కదా. వడ్డించాను.