ఉప్పు ఎటు పోయినట్టు?

పక్క పొలం పున్నయ్య తెచ్చిన నీళ్ల సీసాలో ఉప్పు కొలిచే మీటరు ముంచి, ఇక్రా అంకెను రెండుసార్లు చూసుకుంది. లీటరుకు పందొమ్మిది వేల మిల్లీగ్రాములు.

బోధన్ బయట బట్టలకు రంగులద్దే ఫ్యాక్టరీలో ఆమె ఇంజనీరు. అక్కడి ఉప్పునీటిని వడకట్టే పొర ఆమె చేతి పనే. కంటికి ఆనని సన్నటి రేణువులు కలిపిన ప్లాస్టిక్ పొర అది. నీళ్లను పోనిచ్చి ఉప్పును ఆపుతుంది. మంచినీళ్లు మళ్లీ అద్దకానికి పోతాయి. మిగిలిన చిక్కటి ఉప్పునీరు వెనక గుంటలో ఎండాలి. నాలుగు నెలలుగా ఆ పొరను చూసుకుని మురిసిపోతోంది.

"మా బోరు నీళ్లమ్మా. నారుమడంతా మాడిపోయింది. గేదె కూడా మూతి పెట్టటం లేదు," అన్నాడు పున్నయ్య. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూమి కొన్న కుటుంబం. ఫ్యాక్టరీ గోడ పక్కనే పొలం.

ఫ్యాక్టరీ మురికినీరే పన్నెండు వేలు దాటదు. అంతకు మించిన ఉప్పు ఈ చుట్టుపక్కల ఒక్కచోటే ఉంది, వెనక గుంటలో. 

ఇక్రా గుంట దగ్గరికి పరుగెత్తింది. అడుగున పరిచిన నల్లపట్టా మీద దుమ్ము తప్ప ఉప్పు జాడే లేదు. ఇన్నాళ్లూ పొర దగ్గరి మీటరు అంకెలు రాసుకుందే గానీ ఇటు ఒక్కనాడూ రాలేదు. గుంటకు రావాల్సిన పైపు వెంట పోతే, అది గోడ వెనక ఎండిన పాత బోరులోకి దిగింది. లోపల జలజలా నీళ్ల చప్పుడు.

"గుంట నిండితే వాసన, లొల్లి," అన్నాడు మేనేజర్ విజయ్‌కుమార్, ఆమె వెళ్లి నిలదీస్తే తల ఎత్తకుండానే. "నీ పొర మంచిగనే పనిచేస్తుంది గద. నీకేంది?"

"పనిచేసింది గాబట్టే గాయన పొలం ఖరాబైంది సార్!"

పోయి, ఉప్పునీటిని బోరులోకి తోసే మోటారు ఆపేసింది.  తెల్లారి నిజామాబాద్ వెళ్లి కాలుష్యం చూసే అధికారులకు రాసిచ్చింది. గుంటను తాను చూడాల్సింది, చూడలేదని కూడా రాసింది. వారానికి ఫ్యాక్టరీకి తాళం పడింది. ఆమె ఉద్యోగమూ పోయింది.

పొలానికి పోయి పున్నయ్యకు అంతా చెప్పింది. ఆయన గట్టు మీద కూలబడ్డాడు.

"ఎన్నాళ్లకు బాగవుద్దమ్మా?"

"ఏండ్లు పడ్తది కాకా."

పున్నయ్య బోరు వైపు చెయ్యి చూపాడు. "ఆ పొరేదో మా బోరుకి పెట్టలేవా?"

"పెడ్త. మిగిలిన ఉప్పు ఎండి బస్తాలకు ఎక్కేదాక నేనే కండ్లార చూస్త."

 పున్నయ్య నారుమడిలోకి దిగి, మాడిన నారు పీకి గట్టు మీద వేయసాగాడు.