గుమ్మానికి అడ్డంగా కుర్చీ

డెంటిస్టు గది బయట తమ్ముడు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే పారిపోవాలనిపిస్తోంది. బయటి గుమ్మానికి అడ్డంగా అక్క కుర్చీ వేసుకుని కూర్చుంది కాబట్టి ఆ దారీ లేదు.

అతని భయం ఉత్తది కాదు. బ్యాండులో క్లారినెట్ వాయించేవాడికి కింది పళ్ళే ఆధారం. పెదవిని వాటి మీదికి మడిచి, దాని మీద వాద్యాన్ని ఆనించి ఊదాలి. పళ్ళు కదిలితే స్వరం కదులుతుంది, కొలువూ కదులుతుంది. వాళ్ళ నాన్నకు అదే జరిగింది. పళ్ళు క్లీనింగ్ చేయించుకున్న ఏడాదే ముందు పళ్ళు ఊడిపోయి, ఆయన క్లారినెట్ అటకెక్కింది. అప్పటినుంచి ఆ ఇంట్లో డెంటిస్టు పేరెత్తితే చాలు, అందరి నోళ్ళూ మూతపడతాయి. తమ్ముడైతే రక్తం వస్తోందని చిగుళ్ళ దగ్గర బ్రష్ ఆనించడమే మానేశాడు. గార పట్టి గోడ కట్టింది. ఆ గోడే పళ్ళను నిలబెడుతోందని అతని గట్టి నమ్మకం.

"వదులైపోతే పూచీ ఎవరిది?" లోపల కుర్చీలో వాలుతూనే అడిగాడు.

"నేను పళ్ళను అరగదీయనండీ. ఈ పరికరం అదురుకి గార రాలిపోతుంది, అంతే. కొన్నాళ్ళు చల్లటివి తాగితే జివ్వుమంటుంది," అంది డాక్టరమ్మ.

సన్నటి రొద, నోటినిండా నీళ్ళు. పని అయిందనగానే నాలుకతో తడుముకున్నాడు. గోడ ఉన్నచోట సందు తగిలింది. వేలితో కదిపితే నడిమి పన్ను కదిలింది. అతని పై ప్రాణాలు పైనే పోయాయి.

"చూశారా, కదిలించేశారు!"

"మొదలెట్టే ముందే పట్టి చూశాను, అప్పుడూ ఇంతే కదిలింది. గార కింద చిగుళ్ళు పాడయ్యాయి. అవి మానితే కాస్త బిగుస్తుంది. వారం ఆగి వాయించుకోండి. ఇంకా ఆలస్యమైతే నా చేతుల్లోనూ ఉండేది కాదు."

"నాన్నకీ ఇలాగే చెప్పుంటారు!" అంటూ, వెంట లోపలికి వచ్చి నిలబడ్డ అక్క వైపు తిరిగాడు.

అక్క తల దించుకుంది. "నాన్న పళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్ళకముందే ఊగేవిరా. తినేవన్నీ మెత్తగా పిసికి పెట్టింది నేనేగా. బ్యాండువాళ్ళకి తెలిస్తే తీసేస్తారని, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. అంతా అయ్యాక వెళ్ళాడు. నింద క్లీనింగ్ మీద పడింది."

"ఇన్నేళ్ళూ చెప్పలేదా అక్కా!"

అతనికి ఒళ్ళు మండింది. ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. వాష్‌బేసిన్‌లో రోజూ పడే రక్తాన్ని తానూ ఎవరికీ చెప్పకుండానే కడిగేశాడు మరి.

"మరి నువ్వెప్పుడు చూపించుకున్నావు?" అని అడిగాడు.

అక్క చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నాకెందుకురా? నేనేమైనా వాయించాలా?"

తమ్ముడు బయటికి నడిచి, ఆ కుర్చీనే గుమ్మానికి అడ్డంగా లాక్కుని కూర్చున్నాడు.

"వాయించక్కర్లేదు, తినాలిగా. నీకు పిసికి పెట్టడం నాకు చేతకాదు. వెళ్ళి డాక్టరమ్మ కుర్చీలో పడుకో అక్కా."