మందు వేసిన వారం

“పన్నెండు గుడ్లు డబ్బాలో సర్దు. మేనేజరుగారి పాపకి ఇస్తానన్నాను” అన్నాడు మా ఆయన భార్గవ్, బూట్లు తొడుక్కుంటూ. మాట ఇచ్చేది ఆయన, సర్దేది నేను.

కిందటేడు మా పనిమనిషి మంగవ్వ బోరబండ నుంచి నాలుగు నాటు పెట్టల్ని తెచ్చిచ్చినప్పుడు, అమీర్‌పేటలో జావా నేర్చుకుని సాఫ్ట్‌వేర్‌లో చేరిన ఈ మనిషే “శ్రీనగర్ కాలనీలో కోళ్ళేంటి, నలుగురూ నవ్వరూ?” అని వారం రోజులు మూతి ముడుచుకున్నాడు. అత్తగారు ఫోన్‌లో “చదువుకున్నదానివి, ఇదేం పాడు సరదానే” అన్నారు. రెట్టలెత్తిందీ, పిల్లుల్ని తరిమిందీ నేనే. ఆఫీసులో ఎవరో పచ్చసొన రంగు మెచ్చుకున్న రోజు నుంచి మాత్రం అవి “మా కోళ్ళు” అయిపోయాయి. ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్ళు మండేది. పెరట్లోకెళ్ళి వాటి నడక చూస్తే మళ్ళీ నవ్వొచ్చేది.

పోయిన వారం మంగవ్వ గిన్నెలు తోముతూ “అమ్మా, గా ఎర్రపెట్ట కుంటుతున్నది. జర దాని కాలు జూడు” అంది. ఒళ్ళో పెట్టుకుని చూస్తే పాదం కింద నల్లటి పెచ్చు, చుట్టూ వాపు. ఎత్తు గోడ మీంచి సిమెంటు గచ్చు మీదికి దూకి దూకి పుండైందన్నారు పశువుల డాక్టరు. కట్టు కట్టి, నీళ్ళలో కలిపే మందిచ్చారు. మందు వాడే రోజులూ, ఆ తర్వాత రెండు వారాలూ గుడ్లు ఎవరూ తినొద్దన్నారు. నాలుగింటికీ నీళ్ళ గిన్నె ఒకటే. ఈ పన్నెండూ మందు మొదలుపెట్టాక పెట్టినవే.

అదే చెప్పాను.

“శుభ్రంగా కడిగిచ్చెయ్. ఎవరికి తెలుస్తుంది?”

“నాకు తెలుసు.”

అనేశాక నాకే ఆశ్చర్యమేసింది. గ్యాసు ఎప్పుడైపోతుందో, ఈయనకి ఏ మాత్ర పడదో, అత్తగారికి ఏ మాటకి కోపమొస్తుందో, పదకొండేళ్ళుగా అన్నీ నాకే తెలుసు. నాకు తెలుసు కాబట్టి ఒక పని ఆగడం మాత్రం ఎన్నడూ లేదు.

“నా పరువు పోతుంది, ఉదయా!”

“పాప ఆరోగ్యం పోతే?”

పెరట్లో గుంత తవ్వి, గుడ్లు ఒక్కొక్కటే అందులో పగలగొట్టాను. ఆ చప్పుడు ఎంత బాగుందో! పన్నెండూ అయ్యేసరికి పైకే నవ్వేస్తున్నాను. “మస్తు పని జేసినవమ్మా!” అంటూ మంగవ్వ పారతో మట్టి కప్పింది.

గుమ్మంలో భార్గవ్ ఫోన్ చేస్తున్నాడు. “సారీ సర్... కోడికి మందు వేశారట. మా ఆవిడ వద్దంటోంది.” నా మాట ఆయన నోట్లోంచి పంజాగుట్ట ఆఫీసు దాకా వెళ్ళింది! కాసేపు విని, ఇబ్బందిగా ఫోన్ నా చేతికిచ్చాడు.

“చాలా థాంక్సండీ” అన్నాడు మేనేజరు. “మరి మా పాప ఎప్పుడు తినొచ్చు?”

మట్టి చేతుల్తోనే ఫోన్ పట్టుకుని, భార్గవ్ వైపు చూస్తూ అన్నాను:

“నేను చెప్పినప్పుడండీ.”