కర్రకు పెట్టిన టోపీ

ఫోన్ మోగేసరికి గొట్టం బాబాయికి ఒక కాలు కాలవకు ఇవతల, ఒక కాలు అవతల ఉంది.

జేబులోంచి ఫోన్ తీయాలంటే కర్ర చంకలో పెట్టాలి. కర్ర చంకలో పెడితే ఎడమ మోకాలు ఒప్పుకోదు. మోకాలిని బతిమాలి, ఇవతలి కాలిని అవతలికి లాక్కుని, చెమట తుడుచుకునేలోగా ఫోన్ విసుగెత్తి ఆగిపోయి, మళ్లీ మొదలుపెట్టింది.

"బాబాయ్, మీ సెక్షన్లో ఎవరో నడుస్తున్నారు. కాలవ పక్కన. కొంచెం వెళ్లి చూస్తారా?"

"చూశాను."

"ఎవరు?"

"బట్టతల, తెల్లమీసం, చేతిలో కర్ర. ఎక్కడో చూసిన మొహమే. పొద్దున అద్దంలో అనుకుంటా."

అవతల కంట్రోల్ రూమ్ అమ్మాయి నిట్టూర్చింది. "సారీ బాబాయ్. అలారం వస్తే అడగాలి. రూలు."

"అడుగు తల్లీ. నేను అడుగు వెయ్యడం, నువ్వు అడగడం. మనిద్దరి ఉద్యోగమూ అడుగే కదా."

ఫోన్ పెట్టేశాక బాబాయి మీసం కింద నవ్వు మాత్రం లేదు. పొద్దెక్కకుండానే ఇలాంటి ఫోన్లు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టడం ఆయన ఎప్పుడో మానేశాడు.

ఆయన కాళ్ల కింద, నిలువెత్తు లోతున, గొట్టం ఉంది. గొట్టంలో గ్యాస్ ఉంది. అది పుట్టిన చోటు గాని, మండే చోటు గాని బాబాయి చూడలేదు. మధ్యలో తన వంతు ముక్కను, వంతెన దగ్గర నుంచి వాల్వు స్టేషన్ దాకా, రోజూ నడిచి చూడటమే మీసం నల్లగా ఉన్ననాటి నుంచి ఆయన పని. ఎవరైనా తవ్వుతున్నారా, మట్టి కుంగిందా, పచ్చగా ఉండాల్సిన చోట గడ్డి ఎండిందా, పసుపు రంగు గుర్తుస్తంభాలు నిలబడే ఉన్నాయా. ఆఫీసు భాషలో దీని పేరు పెట్రోలింగ్. పిల్లనిచ్చిన మామగారు ఆ మాట విని "ఏ బంకులో బాబూ?" అని అడిగాడు. దారి పొడుగునా ఉన్నవాళ్లకు ఆ తికమక లేదు. గొట్టం మీద తిరుగుతాడు కనుక గొట్టం బాబాయి. టీ కొట్టు దగ్గర ఎవరైనా "ఏ గొట్టంగాడు చెప్పాడ్రా?" అని గొంతు పెంచితే, బాబాయి గ్లాసు కింద పెట్టి చెయ్యెత్తేవాడు.

కిందటేడు గొట్టం పక్కనే ఒక తీగ పాతారు. వెంట్రుకంత సన్నటి గాజుతీగ. దాంట్లో వెలుతురు పరిగెడుతూ ఉంటుంది. పైన నేల అదిరితే ఆ వెలుతురు ఉలిక్కిపడుతుంది. ఆ ఉలికిపాటును చదివి, కంట్రోల్ రూమ్‌లోని కంప్యూటరు ఇది మేక, ఇది ట్రాక్టరు, ఇది గునపం అని చెప్పేస్తుంది. గునపం విషయంలో దానికి తిరుగులేదు. వానాకాలంలో ఎవరో బోరు వేయడానికి యంత్రం దింపితే, ఇంకా నేల చిల్లు పడకముందే అరిచి చెప్పింది. బాబాయి వెళ్లి ఆపించాడు. అది అరవకపోయి ఉంటే అక్కడ ఇవాళ వీధీ లేదు, వీధిలో జనమూ లేరు. ఆ సంగతి బాబాయి ఎవరి దగ్గరా కాదనలేదు.

బాధల్లా ఒకటే. మేకను మేకగా, బండిని బండిగా గుర్తుపట్టే ఆ యంత్రానికి మనిషంటే మాత్రం పరాయివాడు. కొత్త యంత్రం కదా, పాత మనిషి ఎలా తెలుస్తాడు?

గుర్తుస్తంభం పక్కన తుప్పల దగ్గర బాబాయి ఆగాడు. ఫోన్ మోగింది.

"బాబాయ్, ఆ మనిషి ఆగాడు. ఒకేచోట ఉన్నాడు. కదలట్లేదు."

"కదుల్తాడు తల్లీ. పని మీద ఆగాడు."

"ఏం పని?"

"అదీ ఒక రకం లీకే. కంపెనీది కాదు."

అమ్మాయి ముందు అర్థంకాక, తరువాత అర్థమై, "ఛీ బాబాయ్!" అని పెట్టేసింది. బాబాయి ప్యాంటు సర్దుకుంటూ గొణుక్కున్నాడు. మనిషి నడిస్తే తప్పు, ఆగితే తప్పు.

ఇది నవ్వులాటతో పోయేదైతే పోనిచ్చేవాడే. సెక్షన్ ఇన్‌చార్జి పోయిన వారం పిలిచి కూర్చోబెట్టాడు. మంచివాడే. అందరికీ అన్నీ అప్పగించే ఆ ఇన్‌చార్జి ఫోన్లో చార్జి మాత్రం ఎప్పుడూ ఉండదు.

"మీ సెక్షన్లో దొంగ అలారాలు మరీ ఎక్కువైపోయాయండీ. పైనుంచి తిడుతున్నారు. వారం చూస్తాను. తగ్గకపోతే అక్కడ మనిషిని ఎత్తేసి డ్రోన్ తిప్పుదాం. మీరు గేటు దగ్గర కూర్చుందురు గాని. కుర్చీ ఇస్తాం. ఫ్యాన్ కూడా."

కుర్చీ! బాబాయికి ఒళ్లు మండింది. నడిచేవాడికి చెమట పడుతుంది, కూర్చునేవాడికి కునుకు పడుతుంది, ఆ తరువాత మంచం పడుతుంది అని ఆయన నమ్మకం. ఆ వారం గడువు ఇవాళ్టితో సరి.

ఆ చిరాకు పొద్దున ఇంట్లోనే మొదలైంది. గుమ్మం పక్క గూట్లో చెయ్యి పెట్టి పిన్ని ఏదో సర్దుతుంటే, ఈయన చొక్కా బొత్తాం పెట్టుకోబోయి ఛాతీ మీద చెయ్యి వేసి ఆగాడు.

"ఏమైంది?"

"ఏం లేదు. పట్టేసినట్టుంది. గ్యాస్."

"నిన్న కూడా అదే అన్నారు. డాక్టర్ దగ్గరికి పోదామా?"

"గ్యాస్ లైన్ మనిషికి గ్యాస్ రాకపోతే నీళ్లు వస్తాయా?"

"ఎప్పుడూ ఇదే వరస. మీతో మాట్లాడే కంటే ఆ గొట్టంతో మాట్లాడటం నయం."

"దాన్నిండా ఉన్నదీ గ్యాసే."

పిన్ని నవ్వలేదు. కర్ర తీసి చేతికిచ్చింది. దాని అడుగున ఇనుప పొన్నుకు నల్ల రబ్బరు టోపీ తొడిగి ఉంది. ఇంట్లో ఆ పొన్ను టకటకలాడితే ఆవిడకు తలనొప్పి. అందుకని తనే బజారులో వెతికి కొనుక్కొచ్చింది. "పెళ్లప్పుడు నాకు పెట్టావు, ఇప్పుడు కర్రకు పెట్టావా టోపీ?" అని ఆ రోజు బాబాయి అన్న మాటకు మాత్రం ఆవిడ రెండు రోజులు నవ్వింది. అప్పటినుంచి పొద్దున గుమ్మం దాటేముందు టోపీ పీకి గూట్లో పెట్టడం, సాయంత్రం గుమ్మం ఎక్కుతూనే తొడగడం అలవాటైంది. రబ్బరుతో బయట మట్టిలో పట్టు దొరకదు.

ఎండ నెత్తికెక్కే వేళకు అమ్మాయి మళ్లీ చేసింది. ఈసారి గొంతులో హుషారు.

"బాబాయ్, పర్మిషన్ వచ్చింది! ఇవాళే మిమ్మల్ని గుర్తుపట్టడం మెషీన్‌కి నేర్పించేద్దాం. నాకు మీ నడక కావాలి."

"నడకేనా? నడత అక్కర్లేదా?"

"మెషీన్‌కి నడతతో పనిలేదు బాబాయ్. మీరున్న స్తంభం నుంచి ముందున్న స్తంభం దాకా నడవండి."

బాబాయి ఛాతీ విరిచి, కర్రను సేనాపతిలా ఊపుతూ నడిచాడు.

"అబ్బ, ఫొటోకి నిలబడ్డట్టు నడవకండి. రోజూ ఎలా నడుస్తారో అలా."

"రోజూ ఎలా నడుస్తానో నాకేం తెలుసు తల్లీ? వెనక నుంచి ఎప్పుడైనా చూసుకున్నానా?"

ఆయన వెనక్కొచ్చి మళ్లీ నడిచాడు. కుడికాలు గట్టిగా పడింది. ఎడమకాలు కొంచెం ఈడ్చుకుపోయింది. వాటి మధ్య కర్ర పొన్ను టక్కుమంది. ఒకసారి ఆగమంటే ఆగాడు, కూర్చోమంటే స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు, లేవమంటే మూలుగుతూ లేచాడు.

"చాలు! స్క్రీన్ మీద ఎర్రచుక్క పోయి పచ్చచుక్క వచ్చింది. ఇక మీరు నడిచినా, ఆగినా, అరగంట కునుకు తీసినా నన్నేమీ అడగదు. అదుగో, 'మన మనిషి' అని చూపిస్తోంది కూడా."

"మన మనిషా? కంపెనీ నన్ను ఆ మాట అనడం ఇదే మొదలు." బాబాయి మీసం దువ్వుకున్నాడు. "అంటే కుర్చీ తప్పినట్టేనా?"

"తప్పినట్టే. ఇన్‌చార్జి గారికి నేను చెప్తాగా."

ఫోన్ జేబులో పడింది. ఆ తరువాత మోగలేదు. బాబాయి కాలవ దాటాడు, తుప్పలు దాటాడు, డబ్బా విప్పి భోజనం చేశాడు. మోగలేదు. కోరుకున్నది ఇదే. అయినా ఒకసారి బయటికి తీసి, బ్యాటరీ ఉందో లేదో చూసి, మళ్లీ లోపల పెట్టుకున్నాడు.

మోగింది. తీసేటప్పుడు చెయ్యి తొందరపడింది.

"బాబాయ్, ఇది మీరు కాదు. గునపం! వాల్వు స్టేషన్‌కి ఇవతల పొలంలో. గట్టిగా దిగుతోంది, త్వరగా!"

ఎడమకాలును ఈడ్చుకుంటూ బాబాయి ఎంత వేగంగా వెళ్లగలడో అంత వేగంగా వెళ్లాడు. ఒక రైతు కంచె స్తంభం కోసం సరిగ్గా గొట్టం మీదే గుంట తవ్వుతున్నాడు. కొత్తగా పొలం కొన్నవాడు. పక్కనే పసుపు స్తంభం. దాని మీద తువ్వాలు ఆరేసుకున్నాడు.

"ఆపు! ఆపవయ్యా! కింద గ్యాసుంది!"

"గ్యాస్ కొట్టకు పెద్దాయనా. నా పొలంలో నేను తవ్వుకుంటున్నా."

"గ్యాస్ కొట్టడం కాదయ్యా, నిజం గ్యాస్! నువ్వు కొట్టేది గునపం. అది తగిలితే నీకు పొలం మిగలదు, పొలానికి నువ్వూ మిగలవు."

"ఎవరు చెప్పారు?"

"ఆ తువ్వాలు తియ్యి, అది చెప్తుంది."

రైతు తువ్వాలు లాగాడు. స్తంభం మీద తవ్వరాదని అంత లావు అక్షరాలు. అతను అక్షరాలనూ, గుంటనూ, తన కాళ్లనూ ఒకదాని తరువాత ఒకటి చూసి, గునపాన్ని పసిబిడ్డను పడుకోబెట్టినట్టు నేల మీద పెట్టాడు.

"ముందే చెప్పొచ్చుగా పెద్దాయనా."

"నా జీవితమంతా ముందే చెప్పడమేనయ్యా. వినేదే తరువాత." బాబాయి మాట మధ్యలో తెగింది. ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. మొహం నిండా చెమట.

"ఏంటి, బాగాలేదా?"

"గ్యాస్."

రైతు ఈసారి నవ్వాడు. "నీళ్లు తెస్తా, ఆ స్తంభానికి ఆనుకుని కూర్చో. ఇల్లు అక్కడే." అని తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లాడు.

బాబాయి కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేశాడు. "ఆపేశాడు తల్లీ. గొట్టం దాకా రాలేదు. నీ మెషీన్ గట్టిది."

"థ్యాంక్స్ బాబాయ్! మీరేంటి అలా రొప్పుతున్నారు?"

"గ్యాస్ తల్లీ. నాకూ ప్రెషర్ పెరిగింది. వాల్వు విప్పుకోవాలి."

అమ్మాయి పగలబడి నవ్వింది. ఆ నవ్వు ఆగేదాకా విని బాబాయి ఫోన్ పెట్టేశాడు.

కంట్రోల్ రూమ్ తెర మీద పచ్చచుక్క స్తంభం వైపు కదిలింది. కుడికాలు, ఎడమకాలు, టక్కు. కుడికాలు, టక్కు. స్తంభం దగ్గర ఆగింది. యంత్రం ఏమీ అడగలేదు. చాలా రోజుల తరువాత ఆ సెక్షన్ తెర నిశ్శబ్దంగా ఉంటే, అమ్మాయి కుర్చీ వెనక్కి వాల్చి చల్లారిన టీ తాగింది. ఇన్‌చార్జి అటుగా వస్తే వేలితో చూపించింది. ఆయన తృప్తిగా తలూపి వెళ్లిపోయాడు.

టీ అడుగుకు వచ్చేసరికి తెర ఎర్రబడింది. పరాయి అడుగులు. పరుగు. పచ్చచుక్క ఆగిన చోటికే.

ఆమె ఫోన్ చేసింది. మోగి మోగి ఆగింది. మళ్లీ చేసింది. ఎత్తారు.

"బాబాయ్, మీ దగ్గర ఎవరో పరిగెడుతున్నారు, చూడండి!"

అవతల ఊపిరి బాబాయిది కాదు. "నీళ్లు తెచ్చానమ్మా," అంది ఒక మగ గొంతు. "పెద్దాయన లేవట్లేదు. పిలుస్తున్నా, లేవట్లేదు."

ఆమె కళ్లు తెర మీదికి వెళ్లాయి. ఎర్రచుక్క పక్కన పచ్చచుక్క. మన మనిషి.

పొద్దు వాలాక కంపెనీ బండి బాబాయిని ఇంటికి తెచ్చింది. మధ్యాహ్నం నుంచి సెక్షన్లో దొంగ అలారం ఒక్కటీ లేదని ఇన్‌చార్జి ఎవరికో చెప్పబోయి, మధ్యలో ఆపేసి, వీధిలోకి వెళ్లి నిలబడ్డాడు. కంట్రోల్ రూమ్ అమ్మాయి పిన్ని పక్కన కూర్చుంది.

చివర్న రైతు కర్ర పట్టుకొచ్చాడు. ఎవరికివ్వాలో తెలియక గచ్చు మీద ఆనించాడు. పొన్ను టక్కుమంది.

"టోపీ పెట్టండి," అంది పిన్ని, తల ఎత్తకుండానే, అలవాటుగా.

ఎవరికీ అర్థం కాలేదు. గుమ్మం పక్క గూట్లో, ఆయన పొద్దున పెట్టిన చోటే, నల్ల రబ్బరు టోపీ నోరు తెరుచుకుని ఉంది.