పొడి ముందు తడవాల

హోసూరులో లేతు మిషను మీద పనిచేసేవాళ్ళు వందమంది ఉంటారు గానీ, ఇంట్లో కరెంటుతో డికాషన్ దించే మిషను చేసిన మొనగాడు కేశవప్ప ఒక్కడే. అబ్బో, ఆ పొగరు చూడాలి! తొంభై ఆరులో కృష్ణగిరి మామిడికాయల ఎగ్జిబిషన్‌లో చిన్న స్టాలు పెట్టి, "కనిపెట్టినది: కేశవప్ప" అని రేకు బోర్డు రాయించాడు. వెనకాల బకెట్టు దగ్గర గ్లాసులు కడుగుతున్నది ఆయన భార్య రామలక్ష్మమ్మ.

అసలు సంగతి చెప్పాలి కదా. సొమ్మొకరిది, సోకొకరిది. ముందు గరిటెడు వేన్నీళ్ళతో పొడి తడిపి, అది ఉబ్బేదాకా ఆగి, తర్వాత మిగతావి పోయడం రామలక్ష్మమ్మ పద్ధతి. మిషను చేసేదీ అదే. కేశవప్ప వంటింటి గడప మీద కూర్చుని చూసి నేర్చాడు. తన చేత్తో కాఫీ కలిపిన పాపాన మాత్రం ఏనాడూ పోలేదు.

రాయకోట నుంచి వచ్చిన కదిరమ్మ అనే ముసలామె మిషను చుట్టూ తిరిగి చూసింది.

"పొడి ముందు తడవాలని నీకెట్ల తోచిందప్పా?"

"ఆర్నెల్లు నిద్ర లేకుండా ఆలోచించినానమ్మా."

వెనకాల గ్లాసుల చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

"అయితే నీ చేత్తోనే ఒక గ్లాసు ఇయ్యి."

కేశవప్ప పొడి వేసి, బోల్టు బిగించినట్టు అదిమి, స్విచ్చి నొక్కాడు. నీళ్ళు మరిగి పొడి మీదికి వచ్చి నిలబడ్డాయి. ఒక్క బొట్టు దిగితే ఒట్టు.

"ఏమప్పా, డికాషన్ కూడా ఆలోచిస్తా ఉందా?" అన్నారెవరో. గుంపంతా నవ్వింది. కేశవప్పకు తల కొట్టేసినట్టయింది.

రామలక్ష్మమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చి, స్పూను కాడతో పొడిని కొంచెం వదులు చేసింది. డికాషన్ బొట్లు బొట్లుగా దిగింది.

"ఇది నువ్వు కనిపెట్టిందే కదమ్మా?" కదిరమ్మ ఆమెనే అడిగింది.



"అయ్యో, ఆయనే చేసినారమ్మా. నాకేం తెలుస్తుంది!"

నిజం చెప్పడానికి అదే సమయం. కేశవప్ప రేకు బోర్డు మీద దుమ్ము తుడుస్తూ నిలబడ్డాడు.

తిరుగు బస్సులో శూలగిరి దాటాక ఆమె మెల్లగా అంది: "భయపడొద్దు మీరు. పద్ధతి నాదని నేను యాడా చెప్పను."

తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాడు మహానుభావుడు. హోసూరు వచ్చేదాకా బోర్డును ఒళ్ళో పెట్టుకుని, పేరున్న వైపు తనవైపుకు తిప్పుకుని కూర్చున్నాడు.