రాంగానే నొక్కమను

పదకొండో ఆధార్ కార్డుకు జిరాక్సు తీసి, ఆ కాగితం ఇంకా వేడిగా ఉండగానే గిరాకీ చేతిలో పెట్టి, వనజాక్షి మళ్ళీ ఫోను అందుకుంది. ఉరవకొండ పాత బస్టాండు ఎదుటి ఆ అంగట్లో ఇరవై ఏడేళ్ళుగా టైపు కొడుతోంది. కుడి భుజం ఎడమదానికంటే కిందికి దిగింది. వేళ్ళ కొసలు నున్నబడిపోయి, బ్యాంకులో వేలిముద్ర యంత్రం ఆమెను గుర్తుపట్టడం మానేసింది. భర్త హనుమంతరాయుడు ఏడాదిలో ఎనిమిది నెలలు బెంగళూరులో సెంట్రింగు పనిలో ఉంటాడు, ఇంటికొచ్చిన నాలుగు నెలలూ నిద్రపోతాడు. పిల్లల్లేరు. ఆ ఊసు ఇప్పుడెవరూ ఎత్తరు.

అంగట్లో ఎవరికీ తెలియని పని ఆమెకు ఇంకొకటుంది. కంప్యూటర్లో తెలుగు తప్పులు దిద్దే సాఫ్ట్‌వేరు ఒకటి తొమ్మిదిమంది కలిసి ఊరికే చేస్తున్నారు. ఓపెన్ సోర్సు అంటారు. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయొచ్చు. ఆరేళ్ళ కిందట ఒక రైతు అర్జీలో ఆమె కొట్టిన ప్రతి మాట కిందా అది ఎర్రగీత గీసింది. "వచ్చినాడు" తప్పంట, "ఉండాది" తప్పంట. ఒళ్ళు మండి వాళ్ళకు ఉత్తరం రాసింది. అలా పదోమనిషి అయ్యింది. కోడు రాయడం రాదు గనక అందరి వెంటా పడి పనులు చేయించడం ఆమె వంతుకొచ్చింది. అడగందే అమ్మైనా పెట్టదు, ఈ తొమ్మిదిమందీ పదిసార్లు అడిగితే గాని పెట్టరు.

కాలేజీ పిల్లలను మూడు నెలలు ఇలాంటి బృందాల దగ్గర పెట్టి పని నేర్పించే పథకం ఉంది. అందులో చేరాలంటే ఇద్దరు గురువులు పేర్లిచ్చి, "నాకు సమ్మతం" అన్న బటన్ తామే నొక్కాలి. ముందటేడు దరఖాస్తు ఆలస్యమైంది. పోయినేడు ఒకాయన నొక్కడం మరిచిపోయాడు. ఈసారీ తప్పితే ఇక రావద్దన్నారు. గడువు ఈ సాయంత్రం ఐదున్నర. హైదరాబాదు శశికుమార్ నిన్ననే నొక్కాడు. మిగిలింది వజ్రకరూరు బాలప్ప.

బాలప్ప శనక్కాయ రైతు, డెబ్బై దాటినాయన. తొలకరి పడితే చాలు, వజ్రాలు దొరుకుతాయన్న ఆశతో ఎక్కడెక్కడి జనమో వాళ్ళ చేన్లలోకి దిగుతారు. అందరూ వంగి రాళ్ళు వెతుకుతుంటే ఈయన వాళ్ళ మధ్య తిరిగి మాటలు వెతుక్కుంటాడు. ఏ ఊరివాళ్ళు దేన్నేమంటారో నాలుగువేల మాటలు నోటికి చెబుతాడు. ఒక పిల్లో పిల్లాడో వచ్చి ఆయన పక్కన కూర్చుని అవన్నీ ఎక్కిస్తే ఈ సీమ మాటల కింద ఎర్రగీత పోతుంది. ఆమె కోరికల్లా అంతే.

ఫోను బాలప్ప కోడలు రేఖ ఎత్తింది. వెనక జనం అలికిడి.

"అక్కా... మామ పోయినాడక్కా."

రాత్రి వాన పడింది కదా, జనం దిగి ఉంటారు, ముసలాయన ఇంట్లో నిలుస్తాడా అనుకుంది వనజాక్షి. రేఖ గొంతు బొంగురుగా ఉంటే వానకు జలుబు చేసిందనుకుంది.

"ఈ పొద్దు గూడానా! సరేలేమ్మా, రాంగానే ఆ బటన్ ఒకటి నొక్కమను."

ఫోను తెగింది.

పెళ్ళిపత్రికలు రెండు, కరెంటు ఆఫీసుకు ఒక అర్జీ, ఎవరిదో అద్దె ఒప్పందం. మధ్యలో ఐదుసార్లు బాలప్పకు ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ముసలాయన్ని లోలోపలే తిట్టుకుంది. రాగిసంగటి చల్లారిపోయినా అలాగే తిని చెయ్యి కడుక్కుంది. "ఏమ్మా, ఈ పొద్దు నీ చూపంతా గడియారం మీదే ఉండాదే," అన్నాడు యజమాని శేషయ్య. ఆమె నవ్వి ఊరుకుంది.

నాలుగు దాటింది. బాలప్పకు మెయిలు తెరిచిపెట్టింది తనే, దాని పాస్‌వర్డూ తన దగ్గరే ఉంది. ఆయన తిడితే తిట్టనీ, రేపు పోయి కాళ్ళు పట్టుకుంటాననుకుంది. బాలప్ప పేరుతో లోపలికి పోయి బటన్ నొక్కింది. "ధన్యవాదాలు బాలప్ప గారూ, మీ సమ్మతి అందింది" అని తెర మీద పడింది. దరఖాస్తు పూర్తయింది. మూడేళ్ళలో మొదటిసారి వనజాక్షి కుర్చీలో వెనక్కి వాలింది.

ఐదుకు పది నిమిషాలుండగా రేఖ తమ్ముడు ఓబులేష్ వచ్చాడు. తలంతా దుమ్ము.

"నాలుగడుగుల ఫ్లెక్సు గావాలక్కా, శ్రద్ధాంజలిది. ఫోటో దీన్లో ఉండాది," అని ఒక ఫోను ఇచ్చాడు.

ఫోటో తెర మీద తెరుచుకుంది. తలపాగా, పొడి నవ్వు, ఒక కన్ను కొంచెం మూసి. బాలప్ప.

ఆమె చెయ్యి మౌసు మీదే ఉండిపోయింది. "ఎప్పుడు?"

"తెల్లార్తోనే. చేనికాడ గట్టు మీద కూచోని అట్లే ఒరిగినాడు. నువ్వు ఫోన్ జేసినావంట గదక్కా. పోయినాడని చెబితే, రాంగానే బటన్ నొక్కమంటివంట. రేఖక్క అదే తలుచుకోని ఏడుస్తాండాది."

వనజాక్షికి తలెత్తాలంటే సిగ్గేసింది. ఇన్నేళ్ళు మాటలు మాటలని కొట్టుకున్న మనిషి, ఆ ఒక్క మాట అర్థం చేసుకోలేకపోయింది.

శశికుమార్‌కు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది. "అయ్యో... ఇప్పుడు ఇంకొకరిని వెతకడం అయ్యే పని కాదక్కా. మీరేమో నిర్వాహకులు, మీ పేరు పెట్టడానికి లేదు. అలాగే ఉంచేయండి. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుసు గదప్పా."

ఈ కుర్చీలోనే కూర్చుని ఆమె ఎన్ని పొలం కాగితాలు చూసిందో! చచ్చినవాళ్ళ బొటనవేలు పట్టి ముద్ర వేయించుకున్న కాగితాలు. అవి తెచ్చినవాళ్ళు ఆమె ముఖం వైపు చూసేవాళ్ళు కాదు. ఇప్పుడు తను చేసిందీ అదే పని. చనిపోయాడని తెలియక చేసింది నిజమే, తెలిశాక ఉంచితే మాత్రం అదీ ఇదీ ఒకటే.

ఐదూ ఇరవైకి బాలప్ప పేరు తీసేసింది. "గురువులు ఇద్దరు లేనందున దరఖాస్తు చెల్లదు" అని వచ్చింది. ఐదున్నరకు ఆ పేజీయే మూతపడింది. మూడేళ్ళ పని, ఒక్క గీతైనా చెరపకుండా పోయింది. ఆమె ఏడ్వలేదు. ఓబులేష్ బయట బెంచీ మీద కాచుకుని ఉన్నాడు, అతని పని చేయాలి.

ఫ్లెక్సు మీదికి ఏం రాయాలో అతనే చెప్పాడు. "మమ్మల్ని ఇడిసి పోయినాడు, అని పెట్టక్కా."

ఆమె కొట్టింది. "ఇడిసి" కిందా "పోయినాడు" కిందా ఎర్రగీతలు లేచాయి.

"తప్పాక్కా?" ఓబులేష్ భయంగా అడిగాడు.

"తప్పేం కాదప్పా. మీ మామ అట్లే అంటాండె."

గీతలు అచ్చులో పడవని తెలిసీ, రెండుసార్లు సరిచూసి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. అచ్చు యంత్రం పక్కవీధిలో ఉంది. అతను లేచాడు.

"ఆ ఫోను మామదే, నీకాడే ఉండనీక్కా. ఆయన ఒక్కడే ఏందేందో మాటలు చెప్పి రికార్డు జేసుకున్నేటివి శానా ఉండాయంట దీన్లో. మాకేం అర్థం గావు," అని మెట్లు దిగి పోయాడు.

శేషయ్య సగం షట్టరు దించాడు. కౌంటరు మీద, జిరాక్సు కాగితాల పక్కన, వెనకడొప్ప ఊడకుండా రబ్బరు బ్యాండు చుట్టిన ఫోను ఉంది. ఆ బ్యాండు కింద ఇరుక్కున్న చేని ఎర్రమన్ను ఇంకా ఆరలేదు.