సరస్సు పక్కనున్న బడి

సరస్సు పక్కనున్న బడే నచ్చిందంది హేలీ ఇందాక ఫలహారాల దగ్గర, పిల్లలు నడిచి వెళ్ళొచ్చట, చలికాలం తప్ప, చలికాలం ఎలాగూ ఈ ఊళ్ళో ఎవరూ నడవరట కదా కోచ్ అని నవ్వింది, చిన్నదాని మూతికంటిన సిరప్ తుడుస్తూ, ఆ నవ్వులో కల్మషం లేదు, అదే వచ్చిన చిక్కు, కల్మషం ఉంటే వెండెల్ ప్రుడోమ్‌కి ఈపాటికి కోపం వచ్చేది, కోపం వస్తే లిఫ్టు ఎక్కేవాడు కాడు, ఎక్కాడు, నొక్కాడు కూడా, పై అంతస్తు మీట చుట్టూ దీపం వెలిగింది, ఎదురుగా అద్దంలో యాభై నాలుగేళ్ళ నల్లటి మొహం, దాని కింద డెనీస్ ఎంచిపెట్టిన నీలం టై, ఈ జట్టు రంగు నీలమే, మరీ అంత నీలం వద్దే, అడుక్కోవడానికి వెళ్తున్నట్టుంటుంది అంటే, అడుక్కోవడానికే కదయ్యా వెళ్తున్నావు, కాస్త అందంగా అడుక్కో అంది, ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆమె ఏనాడు మాట దాచింది గనక, ఇదే ఆఖరిదంది కూడా, ఈసారి ఇవ్వకపోతే ఇంక ఎవడి గుమ్మమూ ఎక్కొద్దు నాకోసమైనా అంది, అతనూ సరేనన్నాడు, ఇస్తారనే అనుకున్నాడు మరి, రెండేళ్ళుగా అమెరికా ఫుట్‌బాల్ లీగు మొత్తమ్మీద అతను అసిస్టెంటుగా నడిపే డిఫెన్స్‌ని దాటి బంతి పట్టుకుపోయినవాళ్ళు తక్కువ, పేపర్లన్నీ రాశాయి, ప్రధాన కోచ్ కావడానికి ఇంకేం కావాలి, ఇంకేం కావాలని ఆరుసార్లు ఆరు ఊళ్ళలో అనుకున్నాడు, ఇది ఏడో ఊరు, టై ముడి బిగుసుకుంటోంది, వదులు చేసుకోవాలి, పైకి వెళ్ళాక బాగోదు.

కింద ఫలహారాల హాల్లో హేలీని చూసి ముందు సంబరపడ్డాడు కూడా, ఊరు కాని ఊళ్ళో తెలిసిన మొహం, కార్సన్ వీలర్ భార్య, కార్సన్ అంటే అతని చేతికింద పెరిగినవాడు, ఆటల వీడియోలు కత్తిరించే పనికొచ్చి ఆఫీసు సోఫా మీద పడుకునేవాడు, సోమవారం సోమవారం ఇంటికొచ్చి డెనీస్ వండిన ఎర్ర చిక్కుడు గింజలూ అన్నమూ రెండు పళ్ళేలు లాగించేవాడు, ఎదుటివాడు బంతి అందుకుని ఎటు ఉరుకుతాడో మోకాలు చూసి చెప్పొచ్చని వాడికి చూపించింది ఎవరు, వీడికి బుర్రుంది పైకి తీసుకురండి అని ముగ్గురు యజమానులకి చెప్పింది ఎవరు, ఇప్పుడు ముప్ఫై ఆరేళ్ళు, తెల్ల మొహం, తెల్లటి పళ్ళు, బుర్ర ఉన్న మాట నిజమే, ఎవరూ కాదనరు, నువ్వేంటమ్మా ఇక్కడ అని వెండెల్ అడిగితే, ఇళ్ళు చూడ్డానికి కోచ్, స్కూళ్ళు చూడ్డానికి, అంటే కార్సన్ మిమ్మల్నీ పిలిచేశాడన్నమాట, నాతో చెప్పనేలేదు చూశారా, ప్రధాన కోచ్ తనే అని సోమవారం దాకా ఎక్కడా అనొద్దన్నాడు గానీ మీ దగ్గరేంటి, డిఫెన్స్ మీరు చూసుకుంటానంటే ఇంక తనకి బెంగే లేదు, డెనీస్ అక్క కూడా వస్తుందిగా, మళ్ళీ సోమవారాలు మనం, అని అతని చెయ్యి పట్టుకుంది, పాపం పప్పులో కాలేసింది, ఆమె లెక్క ప్రకారం అతని ఇంటర్వ్యూ మొన్ననే అయిపోవాలి, మంచు పడి విమానం ఆగి ఇవాళ్టికి మారిందని ఆమెకెవరూ చెప్పలేదు, జట్టువాళ్ళు ఇద్దరికీ ఒకే హోటల్లో గదులు తీశారు, కోచ్ భార్యలు ఎప్పుడూ ఇంతే, ప్రకటనకి ముందే బడి వెతుక్కోవాలి, డెనీస్ కూడా ఎనిమిది ఊళ్ళలో వెతికింది, అసిస్టెంటు కోచ్ భార్యగా, అతను హేలీకి నిజం చెప్పలేదు, బడి మంచిదేనమ్మా అన్నాడు, అది ఎక్కడుందో కూడా తెలీకుండా, పళ్ళెంలో మిగిలింది తినేశాడు, చేతులు కడుక్కున్నాడు, లిఫ్టు ఎక్కాడు.

ఖాయమైపోయిన ఉద్యోగానికి అతన్నెందుకు పిలిచారన్నది గుట్టేం కాదు, లీగులో రూలుంది, నల్లవాణ్ణొకణ్ణి కూర్చోబెట్టి మాట్లాడకుండా ఏ జట్టూ ప్రధాన కోచ్‌ని ప్రకటించకూడదు, మంచి మనసుతో పెట్టిన రూలే, మైదానంలో పడి దొర్లేవాళ్ళలో నల్లవాళ్ళే ఎక్కువ, గీత ఇవతల హెడ్‌ఫోను పెట్టుకుని నిలబడి ఆడించేవాళ్ళలో వేళ్ళ మీద లెక్కపెడితే వేళ్ళు మిగిలిపోతాయి, అందుకని పెట్టారు, పెట్టాక అది మొక్కుబడి అయిపోయింది, పై అంతస్తులో గది తలుపు తెరిచింది పీట్ డోనహ్యూ, జనరల్ మేనేజరు, రండి కోచ్ రండి అని రెండు చేతులతో పట్టుకున్నాడు, కిటికీ దగ్గర ముసలాయన, వాండర్‌మీర్, జట్టు ఆయనది, ఆయన తండ్రిది, కూర్చో వెండెల్, కాఫీ తాగు, దారిలో మంచు బాగా పడిందా, పడింది సర్, వెండెల్ కూర్చున్నాడు, జేబులో ఫోను ఓసారి వణికింది, చూడలేదు, మర్యాద కాదు, కుర్రాళ్ళు నీ మాట వింటారటగా అన్నాడు ముసలాయన, నువ్వు కసిరితే కిక్కురుమనరట, మనుషుల్ని నడిపించేవాడివట, ఆరుచోట్లా ఇదే అన్నారు, పశువుల్ని తోలేవాడి గురించి చెప్పుకున్నట్టు, కార్సన్‌ని అడిగుంటారు, ఆఖరి నిమిషంలో నాలుగు గజాలు కావాలంటే ఏం ఆడిస్తావని, నీతో పాటు ఎవరెవర్ని తెచ్చుకుంటావని, ఆ రెండో ప్రశ్న అడిగితేనే ఉద్యోగం ఉన్నట్టు, వెండెల్‌ని ఇంతవరకు ఎవరూ అడగలేదు, అయినా అతను ఎదురుచూస్తున్నాడు, తెలిసి కూడా, ఎంత సిగ్గులేని మనసు, హేలీ పొరబడిందేమో, కార్సనే గాలిలో మేడలు కట్టాడేమో.

చెప్పడం మొదలుపెడితే మాత్రం ఒళ్ళు తెలియదు అతనికి, లేచి నిలబడ్డాడు, కాఫీ కప్పుల్ని ఒక వరుసలో పేర్చాడు, ఉప్పు సీసా ఇక్కడ, మిరియాల సీసా అక్కడ, పోయినేడు మీ జట్టు ఓడింది ఇదిగో ఈ ఖాళీలో సర్, ఈ కప్పుకీ ఈ కప్పుకీ మధ్య, మీ కుర్రాళ్ళు మెతక కాదు, వాళ్ళని నిలబెట్టిన చోటు తప్పు, ఈ సీసాని రెండడుగులు వెనక్కి జరిపితే చూడండి అని జరిపాడు, ముసలాయన కుర్చీలో ముందుకి వంగాడు, నిజంగా వంగాడు, అరె పీట్ ఇది చూశావా అన్నాడు, ఒక్క క్షణం వెండెల్‌కి ఈ ఊరు తనదనిపించింది, ఆ మంచు, ఆ సరస్సు, మైదానంలో తను, పక్కన నాన్న, నాన్న పోయి పదేళ్ళయినా సరే పక్కన నాన్నే, ఇది కార్సన్‌కి చెప్పి వాడి చేత చేయించొచ్చు అన్నాడు ముసలాయన డోనహ్యూ వైపు గొంతు తగ్గించి, చెవుడు ఉన్నవాళ్ళు గొంతు తగ్గించామనుకుంటారు, డోనహ్యూ దగ్గాడు, వెండెల్ చేతిలో మిరియాల సీసా ఉండిపోయింది, ఎక్కడ పెట్టాలో తోచలేదు.

నాన్న చేతిలో ఈల, లూయిసియానాలో, చెరకు తోటల మధ్య, నల్లపిల్లల బడికి ఆల్సిడ్ ప్రుడోమ్ ప్రధాన కోచ్, ఊరు ఊరంతా ప్రొఫెసర్ అని పిలిచేది, కోర్టు నల్లపిల్లల్నీ తెల్లపిల్లల్నీ ఒకే బడిలో కూర్చోబెట్టమంది, మంచిదే, అందరూ చప్పట్లు కొట్టారు, కలిపేటప్పుడు మూతపడింది మాత్రం నల్లపిల్లల బడి, నాన్న గెలిచిన కప్పులు చెత్తలోకి పోయాయి, కొత్త బడిలో నాన్న అసిస్టెంటు, బస్సు నడిపే పని కూడా, ప్రధాన కోచ్ కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన తెల్లకుర్రాడు, మొదటిరోజు పేపరు వాళ్ళు వచ్చి ప్రొఫెసర్ గారూ, సామరస్యంగా ఉంటుంది, మీ ఈల మీ చేత్తో ఈయన మెళ్ళో వెయ్యండి అన్నారు, వేశాడు, నవ్వమన్నారు, నవ్వాడు, ఇంటికొచ్చాక ఆరేళ్ళ వెండెల్ అడిగాడు, నీ ఈల లాగేసుకున్నారా నాన్నా, లాక్కుంటే బాగుండేదిరా అన్నాడు నాన్న, చొక్కా విప్పుతూ, లాక్కుంటే నాలుగు తన్నేవాణ్ణి, లాక్కోలేదు, నా చేతే ఇప్పించుకున్నారు, ఆ మాట అప్పుడు అర్థం కాలేదు, ఆకలేస్తోంది, అన్నం పెట్టమని అమ్మ దగ్గరికి పోయాడు.

మమ్మల్ని ఏమైనా అడుగుతారా కోచ్ అంటున్నాడు డోనహ్యూ, ఆఖర్న అందర్నీ అడిగే మాటే, లేదండీ అన్నీ చెప్పారు అని ఆరుసార్లు అన్నాడు, ఏడోసారి నోరు రాలేదు, హేలీకి సరస్సు పక్కనున్న బడి నచ్చిందట, మంచిదేనా అది అన్నాడు, వాళ్ళ మొహాలు పాలిపోతాయనుకున్నాడు, దిగ్గున లేస్తారనుకున్నాడు, ఆ ఒక్కటైనా చూడాలనుకున్నాడు, ముసలాయన మొహం వెలిగింది, భేషైన బడి వెండెల్, మా మనవలందరూ అక్కడే, ఆ అమ్మాయికి చెప్పిందే నేను అన్నాడు, డోనహ్యూ కూడా హమ్మయ్య అన్నట్టు కుర్చీలో వెనక్కి వాలాడు, మీరు పెద్దమనిషి కోచ్, మీకు తెలుసనే అనుకున్నాం, ఇవన్నీ తెలిసినవాళ్ళు కదా, కార్సన్ మొదట చెప్పిన పేరే మీది, డిఫెన్స్ మీదే, సోమవారం కూర్చుని మాట్లాడుకుందాం, ఎవరి మొహంలోనూ సిగ్గు లేదు, అతన్ని మోసం చేస్తున్నామని వాళ్ళు ఏనాడూ అనుకోలేదు, వాళ్ళతో పాటు అతనూ ఈ పని చేస్తున్నాడనుకున్నారు, ఆరూళ్ళలోనూ అలాగే అనుకుని ఉంటారు.

వెండెల్ మిరియాల సీసాని బల్ల మీద పెట్టాడు, ఇది లెక్కలోకి తీసుకోకండి డోనహ్యూ, నేను రాలేదనుకోండి, ఇంటర్వ్యూ జరగలేదని చెప్పండి, నేను మానుకున్నానని చెప్పండి అన్నాడు, గొంతు పైకి లేవలేదు, తనకే ఆశ్చర్యం, డోనహ్యూ జాలిగా చూశాడు, నిజంగానే జాలి, కోచ్, మీరు లోపలికొచ్చి కూర్చోగానే మావాళ్ళు ఇంటర్వ్యూ అయిపోయిందని ప్రకటన వదిలేశారు, అందరూ చూసేసుంటారు, వెండెల్ జేబులోంచి ఫోను తీశాడు, డెనీస్ మెసేజు, ఇంటర్వ్యూ పూర్తయిందని వార్తల్లో వేశారు, అంత తొందరగానా, ఎలా జరిగింది, టై బాగుందా, ఫోను మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు, అతను చెప్పిందీ కప్పులు పేర్చిందీ ఎవరికీ అక్కర్లేదు, గుమ్మం దాటడమే వాళ్ళకి కావలసింది, అది ముందే అయిపోయింది, ఇంకా కోపం రావడంలేదేమని వెతుక్కున్నాడు, ఎవరి మీద రావాలి, ఈ గదిలోకి ఎవరూ అతన్ని ఈడ్చుకు రాలేదు, కింద హేలీ నోట అంతా విన్నాక కూడా, తీరిగ్గా తిని, చేతులు కడుక్కుని, టై సర్దుకుని, పై అంతస్తు మీట నొక్కింది తన వేలే, నాన్న మెడలోంచి ఈల తీసింది కూడా నాన్న చెయ్యే.